హద్దుల్లో మా పేరు

ఇల్లు కొన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. రిజిస్టరు కాగితంలో ప్రాణమంతా చివరి షెడ్యూలులో ఉంటుంది. అక్కడ నాలుగు హద్దులు రాస్తారు. తూర్పు: ఫలానా రెడ్డి గారి ఇల్లు. దక్షిణం: మునిసిపాలిటీ రోడ్డు. పడమర: ఫలానా శెట్టి గారి స్థలం. ఉత్తరం: ఫలానా ఆచారి గారి ప్రహరీ. నా ఇల్లు నాదని చెప్పడానికి నా పేరొక్కటే చాలదు. నా చుట్టూ ఉన్నవాళ్ళ పేర్లు కూడా కావాలి.

ఆ నాలుగు హద్దుల్లో ఒకదాని దగ్గర షేక్ అనో, సయ్యద్ అనో, పఠాన్ అనో, దూదేకుల అనో రాయించుకోవాల్సి వస్తే మీ చేతులెందుకు వణుకుతాయి? మేం అడగదలుచుకున్నది ఇంతే.

'మీరు' అంటే ఎవరో ముందే చెప్తాం. కాషాయ జెండా పట్టుకుని వీధుల్లో అరిచేవాళ్ళతో ఈ మాట లేదు. వాళ్ళు మొహం మీదే చెప్తారు, పాకిస్తాన్ పొమ్మంటారు. వాళ్ళతో మా లెక్క వేరే. ఈ మాట మీతో. రంజాన్ పండక్కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగి, బిర్యానీ మెచ్చుకుని, 'మనందరం ఒకటే భాయ్' అని భుజం తట్టి పోయే మీతో. మీ ఇంటి పై పోర్షను మూడు నెలలుగా ఖాళీగా ఉందని మాకు తెలుసు. అది మాకెందుకు రాదో కూడా తెలుసు.

మా సీమలో అద్దె అనం, బాడుగ అంటాం. నంద్యాలలో బాడుగిల్లు వెతికే సాయిబు కొన్నాళ్ళకే ఒక భాషలో పండితుడవుతాడు. 'లేదు' అన్న మాట వాడకుండా లేదని చెప్పే భాష అది. గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంటుంది. ఫోను చేస్తే గొంతు తీయగా ఉంటుంది. ఎన్ని రూములు, నీళ్ళు ఎప్పుడొస్తాయి, బండి ఎక్కడ పెట్టుకోవచ్చు, అన్నీ చెప్తారు. 'పేరేం సార్?' అనేదాకా అంతా బాగుంటుంది. పేరు చెప్పినాక గొంతు దిగుతుంది. 'మా పెద్దాయన్ను అడిగి చెప్తా.' 'నిన్ననే ఒకాయన అడ్వాన్సు ఇచ్చిపోయినాడు.' 'మా పాప అమెరికా నుంచి వస్తాంది, పోర్షను మాకే కావాల.' కొంచెం మెత్తనివాళ్ళయితే 'మాకేం లేదు సామీ, పక్కింటోళ్ళు ఒప్పుకోరు' అంటారు. పక్కింటికి పోతే వాళ్ళదీ అదే మాట. ఒప్పుకోని ఆ పక్కిల్లు ఏదో ఇంతవరకు మాలో ఎవరికీ దొరకలేదు. ప్రతి ఇల్లూ మంచిదే. వీధే చెడ్డది.

నెల తర్వాత అదే దారిలో పోతే బోర్డు అట్లే ఉంటుంది. ఎండకు రంగు వెలిసింటుంది, అంతే.

కొందరు పేరుతో ఆగరు, పరీక్ష పెడతారు. మాంసం వండుతారా? మీ ఆడోళ్ళు బురఖా వేసుకుంటారా? పిల్లలెంతమంది? చుట్టాలు ఎక్కువ వస్తుంటారా? నాలుగు వేషాల్లో వచ్చేది ఒకటే ప్రశ్న. అందుకే మాలో కొందరు పేర్లు మడిచి జేబులో పెట్టుకుంటారు. మౌలాలి 'మౌళి' అవుతాడు. మస్తాన్ వలి 'మస్తానయ్య' అవుతాడు. దూదేకులవాళ్ళ ఇంటి భాష తెలుగే గనక మాటలో దొరకరు. శుక్రవారం మధ్యాహ్నం తలమీద టోపీ కనపడినప్పుడు దొరికిపోతారు. తల్లిదండ్రులు పెట్టిన పేరును దొంగసరుకులాగా దాచుకుని కాపురం చేయడం ఎట్లుంటుందో మీకెప్పుడైనా తెలిసిందా?

ఇదే నంద్యాల ఎన్.ఎమ్.డి. ఫరూఖ్ ను పలుసార్లు అసెంబ్లీకి పంపింది. 2024లో కూడా గెలిపించింది. బ్యాలెట్ మీద పనికొచ్చిన పేరు టులెట్ బోర్డు దగ్గర ఎందుకు పనికిరాదు?

*

బ్రోకర్ల నోట ఒక మాట ఎప్పుడూ ఆడుతుంటుంది. 'ప్రశాంతమైన వీధి సార్. డీసెంట్ ఏరియా. అంతా మనోళ్ళే.' ఈ మూడు ముక్కల్లో చివరి ముక్కే అసలైంది. మొదటి రెండూ దానికి కప్పిన దుప్పటి.

ప్రశాంతత అంటే చప్పుడు లేకపోవడమేనా? అదే వీధి చివర గుడిలో ధనుర్మాసమంతా తెల్లవారుజామునే మైకు మోగుతుంది. వినాయక చవితికి రోజుల తరబడి పందిట్లో పాటలుంటాయి, నిమజ్జనం రోజు డీజే ఉంటుంది. మేం దాన్ని తప్పుపట్టం. పండగన్నాక చప్పుడుంటుంది. మా పిల్లలు కూడా ఆ పందిట్లో ప్రసాదం తిన్నవాళ్ళే. కానీ నాలుగు వీధుల అవతలి మసీదు నుంచి కొన్ని నిమిషాలు వినిపించే అజాన్ మాత్రం మీ నిద్ర చెడగొడుతుంది. మీరనే ప్రశాంతత చెవికి సంబంధించింది కాదు. మేం కంటికి కనపడకపోవడమే మీ ప్రశాంతత.

మాంసం సంగతి కూడా తేల్చుకుందాం. శాకాహారులు తమ ఇంట్లో మాంసం వండొద్దంటే అర్థం చేసుకోవచ్చు. కానీ నంద్యాల కాలనీల్లో శాకాహారులెంతమంది? ఆదివారం పొద్దున మా సాయిబు కొట్టు ముందు టిఫిను క్యారియర్లు పట్టుకుని నిలబడేదెవరు? 'భాయ్, లేతది చూసి కొట్టు, చుట్టాలొచ్చినారు' అనేదెవరు? పొట్టేలును కోసేది మేం, తినేది అందరం. అదే మాంసం మీ కుక్కర్లో ఉడికితే మసాలా వాసన, మా కుక్కర్లో ఉడికితే కంపు. ముక్కుకు కూడా మతముంటుందా?

మేం అంటరానివాళ్ళమా అంటే అదీ కాదు. మీ ఇల్లు కట్టిన తాపీమేస్త్రీల్లో మావాళ్ళున్నారు. బేతంచెర్ల బండలు పరిచినవాళ్ళలో, బనగానపల్లె నాపరాళ్ళు లారీకెత్తినవాళ్ళలో, గోడలకు రంగులేసినవాళ్ళలో, కరెంటు తీగ లాగినవాళ్ళలో మావాళ్ళున్నారు. మీ పరుపులో దూది ఏకింది దూదేకుల తాత. మీరు రాత్రి తలపెట్టి పడుకునే దిండులో ఆ ముసలాయన చేతివాసన ఉంది. పిల్లాడు రాత్రిపూట ఉలిక్కిపడితే మీ ఆడబిడ్డలు మగ్రిబ్ నమాజు వేళకు మసీదు గుమ్మం దగ్గర బిడ్డనెత్తుకుని నిలబడతారు, లోపలినుంచి వచ్చే సాయిబు నోటితో ఊదితే దడుపు పోతుందని. మా ఊపిరి మీ బిడ్డకు మందు. మేం మాత్రం మీ వీధికి రోగం.

గృహప్రవేశం దాకా ఇంట్లో తిరిగినవాళ్ళం, గృహప్రవేశం తర్వాత ఎందుకు పరాయివాళ్ళమైనాం? మీ వాస్తులో నీళ్ళకొక మూల, పొయ్యికొక మూల, బరువుకొక మూల ఉంది. సాయిబుకు ఏ మూలా లేదా?

*

మా మూలాలు ఆళ్ళగడ్డ పక్క పల్లెల్లో ఉన్నాయి. ఆ ఊర్లు స్వర్గాలని మేం అబద్ధం చెప్పం. మాల మాదిగల గూడేలు ఊరవతలే ఉండినాయి. సాయిబును 'మామా' అని పిలిచిన రెడ్డి ఆ మామను అరుగుమీద కూర్చోబెట్టినాడు గానీ పళ్ళెం వేరే పెట్టినాడు. ఫ్యాక్షన్ల కాలంలో ఎవరి గుంపులో వాళ్ళ కోసం మావాళ్ళూ తలలు పగలగొట్టుకున్నారు. అయినా ఊర్లో మాకొక చోటుంది. పీర్ల చావిడి ఊరి నడుమ ఉండేది. మొహర్రం వచ్చిందంటే గుండం తవ్వేవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉండేవాళ్ళు. మొక్కుకున్న రైతు పిల్లలు ఫకీర్లయ్యేవాళ్ళు. పుట్టిన బిడ్డలకు హుసేనప్ప, మస్తానమ్మ, ఫక్కీరప్ప అని పేర్లు పెట్టుకున్న హిందువుల ఇళ్ళు ఈరోజుకూ మా సీమలో లెక్కలేనన్ని. పీరుకు ముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్న అవ్వలకు తాము ఇంకో మతం దేవుణ్ణి మొక్కుతున్నామన్న ఆలోచనే రాలేదు.

దేవుళ్ళ సంగతి చూడండి. ఆళ్ళగడ్డకు దగ్గర్లోనే అహోబిలం. అక్కడి నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడు. సంక్రాంతి కనుమ మొదలుకుని పారువేట పేరుతో కొండ దిగి వారాల తరబడి పల్లెపల్లె తిరిగి, తన పెళ్ళికి రమ్మని పిలిచిపోతాడు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా పోయే రోడ్డు పట్టుకుని ఇంకా కిందికి పోతే కడప. దేవుని కడప గుడికి ఉగాది రోజు ముస్లింలు కొబ్బరికాయ పట్టుకుని పోతారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు గదా, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు గదా అని. పుట్టింటివాళ్ళు అల్లుడింటికి పోయినట్టు పోతారు. స్వామికి నాంచారమ్మను తెచ్చుకోవడానికి అడ్డంరాని మతం, నాంచారమ్మ చెల్లెళ్ళకు ఒక పోర్షను బాడుగకివ్వడానికి మీకెందుకు అడ్డమొచ్చింది?

ఊరు వదిలి మీరూ మేమూ ఒకే బస్సులో నంద్యాల వచ్చినాం. పిల్లల చదువుల కోసం కొందరు, ఫ్యాక్షన్ల భయంతో కొందరు, కరువుకు కొందరు. వడ్లమీదా పత్తిమీదా డబ్బు చూసినవాళ్ళు కాలనీలు కట్టుకున్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చినాయి, వెంచర్లకు ఊపొచ్చింది. పొలాల మధ్య తెల్లరాళ్ళు పాతి, దేవుళ్ళ పేర్లూ నాయకుల పేర్లూ పెట్టి నగర్లు అన్నారు. ఆ నగర్లకు మీరు ఊరి నుంచి కులాన్ని భద్రంగా మూటగట్టి తెచ్చుకున్నారు. పీర్ల చావిడిని మాత్రం ఊర్లోనే వదిలేసి వచ్చినారు.

ఈ మార్పు ఎప్పుడు ముదిరిందో మా పెద్దవాళ్ళకు బాగా గుర్తు. 1991 నవంబరులో నంద్యాల లోక్ సభకు ఉప ఎన్నిక జరిగింది. తెలుగువాడు ప్రధాని అయినాడని తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు. పి.వి. నరసింహారావుకు 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. ఎదుట నిలబడింది భారతీయ జనతా పార్టీకి చెందిన బంగారు లక్ష్మణ్. మా వీధుల్లో ఓట్లు ఎటు పడినాయో వేరే చెప్పాల్నా? మా అవ్వలు కూడా వేలికి సిరా పూసుకుని మురిసినారు. ఏడాది తిరిగింది. 1992 డిసెంబరు 6న, నంద్యాల ఎన్నుకున్న ఆ మనిషే ప్రధానిగా ఉండగా, అయోధ్యలో బాబ్రీ మసీదు కూలింది. మసీదును మేం ఖుదా ఇల్లు అంటాం. పట్టపగలు, కెమెరాల ముందు, పోలీసుల సమక్షంలో ఖుదా ఇంటికే దిక్కులేకపోతే ఖుదా బందాల ఇళ్ళకు దిక్కెవరు? ఆ తర్వాత బాడుగింటి ఓనర్ల గొంతు మారిందని ఆనాడు ఇల్లు మారినవాళ్ళు చెప్తారు. అంతకు ముందు 'సాయిబా, ఎంతిస్తావ్?' అని అడిగినవాళ్ళు ఆ తర్వాత 'సాయిబులా మీరు?' అని అడగడం నేర్చుకున్నారు.

*

బాడుగ సంగతి ఇట్లుంటే కొనే సంగతి ఇంకోరకం. నాకు జరిగిందే చెప్తా. ఆ వీధి పేరు రాయను, అవసరం లేదు. ఏ వీధి పేరు రాసుకున్నా సరిపోతుంది.

ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి బెంగళూరు పోతూ ఇల్లు అమ్మకానికి పెట్టినాడు. మూడు సెంట్లలో కట్టిన పాత డాబా. ముందు వేపచెట్టు. బేరం కుదిరింది. అడ్వాన్సు ఇచ్చినాం, అగ్రిమెంటు రాసుకున్నాం. ఇ.సి. తీసినాం, లింకు డాక్యుమెంట్లు చూపించినాం, లోనుకు కాగితాలు పెట్టినాం. నా భార్య వంటింట్లో ఏ అర ఎక్కడుండాలో కూడా అనుకుంది. పది రోజులకు ఆ పెద్దాయన కవరులో అడ్వాన్సు డబ్బు పెట్టుకుని మా ఇంటికే వచ్చినాడు. 'ఏమనుకోవద్దు నాయనా. వీధిలో మీటింగు పెట్టినారు. నేను పొయ్యేవాణ్ణే, కానీ ముప్పై ఏండ్ల స్నేహం. పోతూ పోతూ అందరితో చెడ్డనిపించుకోలేను' అన్నాడు. మేం ఇచ్చిన టీ తాగినాడు. నా కూతురి తల నిమిరినాడు. పోయినాడు. తర్వాత ఆ ఇల్లు మేం ఒప్పుకున్న ధరకన్నా తక్కువకు ఇంకొకరికి పోయింది.

ఆయన చెడ్డవాడని నేననను. ఆ మీటింగులో కూర్చున్నవాళ్ళు కూడా విడివిడిగా చెడ్డవాళ్ళు కారు. రిటైరైన టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఒక సాయిబు వీధిలోకి రాకుండా చూడటానికి ఒక ముసలాయనకు నష్టం పెట్టినారు, అంతే. ఎవరూ కేకలేయలేదు, రాయి విసరలేదు. టీ, బిస్కట్లతో పని జరిగిపోయింది. ప్రశాంతంగా. అందుకే ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది.

'మీవాళ్ళొస్తే రేటు పడిపోతుంది' అనేది వాళ్ళ పెద్ద వాదన. రేటు ఎందుకు పడుతుంది? మేమొచ్చి గోడలు పగలగొడతామా? మేం రాగానే మీరు భయపడి అమ్ముకుంటారు, అందరూ ఒకేసారి అమ్ముకుంటే రేటు పడుతుంది. ముందు మీరు పారిపోతారు, తర్వాత మమ్మల్ని కారణమంటారు.

అక్కడ తలుపు మూస్తే మేమెక్కడికి పోవాలి? పాత ఊర్లో ఇరుకు సందులకే. అందరూ అక్కడికే చేరితే ఆ రెండు గదులకే బాడుగ పెరుగుతుంది. గాలి, వెలుతురు లేని ఇంటికి కాలనీ ఇంటంత డబ్బు పోయాలి. వానాకాలం కాలువ పొంగితే నీళ్ళు మొదట పల్లపు సందులకే వస్తాయి. మునిసిపాలిటీ చెత్త బండి అక్కడికి ఆఖర్న వస్తుంది. లోను అడిగితే 'ఆ ఏరియానా?' అంటారు. అట్లా మమ్మల్ని ఒకచోటికి తోసి, 'చూడండి, వీళ్ళు ఎప్పుడూ గుంపుగానే బతుకుతారు, ఎవరితో కలవరు, అదో మినీ పాకిస్తాన్' అంటారు. గొర్రెలను దొడ్లో పెట్టి తాళమేసి, గొర్రెలకు తిరగడం చేతగాదన్నట్టుంది.

ఇది మా ఊహ కాదు. 2005లో కేంద్ర ప్రభుత్వం వేసిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఈ సంగతులన్నీ రాసింది. ముస్లింలకు తాము కోరుకున్నచోట ఇల్లు కొనడం, బాడుగకు దొరకడం కష్టమవుతోందనీ, భయంతో ఒకచోట గుమికూడుతున్నారనీ, కొన్ని బ్యాంకులు ముస్లింలున్న ప్రాంతాలను అప్పివ్వకూడని జోన్లుగా గీసుకున్నాయనీ చెప్పింది. 2008లో షబానా అజ్మీ తనకే ముంబయిలో ఫ్లాటు దొరకలేదని బహిరంగంగా చెప్పింది. 2024 జూన్ లో వడోదరలో ప్రభుత్వ పథకం కింద కట్టిన 462 ఇళ్ళలో ఒక్కటంటే ఒక్క ఇల్లు ఒక ముస్లిం స్త్రీకి వచ్చిందని మిగతావాళ్ళు ధర్నా చేసినారు. అదే ఏడాది డిసెంబరులో మొరాదాబాద్ లో ఒక హిందూ డాక్టరు తన ఇంటిని ముస్లిం డాక్టరుకు అమ్మినందుకు కాలనీ రోడ్డెక్కింది. గుజరాత్ లో అయితే 'కల్లోలిత ప్రాంతాల' చట్టమని 1991 నుంచి ఒకటుంది. ప్రభుత్వం గీత గీసిన చోట కలెక్టరు అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు. బలవంతపు అమ్మకాలు ఆపడానికని తెచ్చిన చట్టం ఎవరి వీధిలో వాళ్ళను ఉంచే గోడయింది. మన దగ్గర ఆ చట్టం లేదు. మన కాలనీలకు దాని అవసరం రాలేదు. మీటింగు చాలు.

*

'నా ఇల్లు నా ఇష్టం' అంటారు. బాగుంది. హోటలు కూడా దాని ఓనరు సొంతమే. దుకాణం కూడా సొంతమే. అయినా రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర మతమనీ కులమనీ ఎవరినీ ఆపకూడదని రాసింది. ఆ జాబితాలో ఇల్లన్న మాట లేదు. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు 19వ అధికరణంలో ఉంది, కానీ తలుపు తీయాల్సిన ఓనరును అడిగే చట్టం లేదు. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కొననీయకపోవడం, కాపురముండనీయకపోవడం నేరమని 1955 నాటి చట్టం చెప్పింది. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. ఆ చట్టం కింద దళితులకు ఎన్ని ఇళ్ళు దొరికినాయో మన కాలనీలను చూస్తేనే తెలుస్తుంది. ముస్లింకు ఆ కాగితం కూడా లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, ఒక సొసైటీ తన మతంవాళ్ళనే సభ్యులుగా పెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. పిడికెడు మంది పార్శీల కోసం తెరిచిన ఆ తలుపు గుండా మెజారిటీ దూరితే మిగిలేదేమిటి?

మీ పిల్లలు అమెరికాలో ఉన్నారు గదా, వాళ్ళ సంగతి మాట్లాడుకుందాం. టెక్సాస్ లో ఫ్రిస్కో, ఇర్వింగ్, న్యూజెర్సీలో ఎడిసన్. పచ్చగడ్డి, చెట్లు, ప్రశాంతమైన వీధులు. మీరు ఆర్నెల్లు అక్కడుండి వచ్చి వాటి ఫోటోలు చూపిస్తారు. ఆ వీధుల్లో మీ అబ్బాయికి ఇల్లెట్లా దొరికింది? ఒకప్పుడు ఆ దేశంలో రిజిస్టరు కాగితాల్లోనే రాసుకునేవాళ్ళు, ఈ ఇంటిని నల్లవాళ్ళకు, ఆసియావాళ్ళకు అమ్మకూడదని. కాలిఫోర్నియా 1913లో చట్టం చేసి మనలాంటి ఆసియావాళ్ళు భూమి కొనకుండా చేసింది. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడికి నువ్వు తెల్లవాడివి కాదు, పౌరసత్వం లేదంది. 1948లో ఆ కాగితాల్లోని షరతులను కోర్టులు అమలు చేయకూడదని తీర్పొచ్చింది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ ను చంపినారు. వారం తిరగకముందే, ఏప్రిల్ 11న, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించకూడదన్న చట్టంపై అధ్యక్షుడు సంతకం చేసినాడు. మీ అబ్బాయి ఇంటి తాళంచెవి వెనక ఆ నల్లవాళ్ళ నెత్తురుంది. అక్కడ ఆ చట్టం నీడన గృహప్రవేశం చేసి సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు. ఇక్కడికొచ్చి మీ పై పోర్షను మాకివ్వరు. అక్కడ మైనారిటీగా పొందిన న్యాయం ఇక్కడ మెజారిటీగా ఎందుకు మర్చిపోయినారు?

మా సెక్యులర్ మిత్రులకు ఒక మాట. సభల్లో గంగా జమునా సంగమమని మాట్లాడతారు. కవిత్వంలో మసీదు మినార్ మీద పావురాన్ని వాలుస్తారు. కలిసి ఊరేగింపులు చేసినాం, కలిసి లాఠీలు తిన్నాం. మీమీద మాకు కోపం కన్నా ఆశ ఎక్కువ. అందుకే అడుగుతున్నాం. మీ వీధిలో ఆ మీటింగు జరిగినప్పుడు మీరెక్కడున్నారు? ఊర్లో లేరా? ఉన్నా మాట్లాడలేదా? మతతత్వాన్ని ఢిల్లీలో ఖండించడం సులువు. పక్కింటాయనకు ఎదురుచెప్పడం కష్టం. మతతత్వం బతికేది ఆ కష్టమైన చోటే.

మాలోకి కూడా చూసుకుందాం, దాపరికం లేదు. ముస్లిం ఇంటి ఓనరు మాదిగ ఉద్యోగికి పోర్షను ఇవ్వనన్నది మాకు తెలుసు. అందరూ సమానమని నమాజులో భుజం భుజం కలిపి నిలబడి, ఇంటికొచ్చి దూదేకులవాడని చిన్నచూపు చూసే సయ్యద్ లు, పఠాన్ లు ఉన్నారు. 'మేం అరబ్బు నుంచి వచ్చినాం' అని మీసం మెలేసేవాళ్ళకు చెప్తున్నాం, కాలనీ గేటు దగ్గర మిమ్మల్ని, దూదేకులాయన్ను ఒకే మాటతో వెనక్కి పంపుతారు. ఆ గేటు దగ్గర మనతోపాటు నిలబడ్డది మాల మాదిగలే. వాళ్ళకు మన ఇంటి తలుపు తీయనివాళ్ళం ఇంకొకరి తలుపు కొట్టే నోరెక్కడిది? ఈ పోరాటం ముస్లింల ఇళ్ళ కోసమే అయితే సగం పోరాటమే.

మాకు ఇల్లిచ్చినవాళ్ళూ ఉన్నారు. భర్త పోయిన ఒక బ్రాహ్మణ టీచరమ్మ తన పై పోర్షనులో మావాళ్ళ కుటుంబాన్ని పెట్టుకుంది. వీధివాళ్ళు పలకరించడం మానేసినా పట్టించుకోలేదు. 'బాడుగ నెలనెలా ఇస్తారు, నాకు జ్వరమొస్తే గంజి కాచి ఇస్తారు. ఇంకేం కావాల నాకు?' అంది. అటువంటి తల్లులకు చేతులెత్తి మొక్కుతాం. కానీ ఒక మనిషి తలదాచుకోవడం ఇంకో మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. మంచితనం ఒక వీధిలో ఉండి ఇంకో వీధిలో లేకపోవచ్చు. హక్కు అట్లా ఉండకూడదు.

కాబట్టి మా డిమాండు. మతం, కులం చూసి ఇల్లు బాడుగకివ్వకపోవడం, అమ్మకుండా అడ్డుకోవడం నేరమని చట్టం రావాలి. సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. ఆ తర్వాత పరిస్థితిని మదింపు చేసిన కుందూ కమిటీ 2014లో వివక్ష నిరోధక చట్టం తెమ్మంది. రెండూ అల్మారాల్లో ఉన్నాయి. వాటిని బయటికి తీయించాలి. లేఅవుట్లకు అనుమతిచ్చే మునిసిపాలిటీ, ఆ కాలనీలో ఎవరికైనా ప్లాటు అమ్ముతామని కంపెనీ దగ్గర రాయించుకోవాలి. వీధి మీటింగులు పెట్టి అమ్మకాలు ఆపేవాళ్ళమీద కేసులు పెట్టాలి.

చట్టం వచ్చేదాకా మీరు చేయగలిగిందొకటుంది. దానికి పార్లమెంటు అక్కర్లేదు. ఈసారి మీ గేటుకు టులెట్ బోర్డు కట్టినప్పుడు, ఫోను చేసినవాణ్ణి బాడుగ ఇవ్వగలడా, ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటాడా అని అడగండి. పేరు అగ్రిమెంటు రాసుకునేటప్పుడు అడగండి. మీ వీధిలో మీటింగు పెడితే పోండి, పోయి 'నేనొప్పుకోను' అని ఒక్క మాట అనండి. మీ పక్కిల్లు మాకు అమ్మితే మీ కాగితంలో పడమటి హద్దు మారుతుంది. మారనీయండి. మాతో కలిసి బతికిన మీ తాతలు ఏం పోగొట్టుకున్నారో ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఆ తర్వాత మాకు జవాబు చెప్పండి. మేం ఈ దేశంలో బాడుగకు ఉంటున్నవాళ్ళం కాము.